వేటబండి కథ: దుష్యంతుని రథం మొదలు జీపు దాకా

"వేటకు ఏ బండి మేలు సార్?" అని నన్ను అడిగినవాడు ఎనిమిదో తరగతిలో నా దగ్గర తెలుగు చదువుకున్న శిష్యుడు. ఇప్పుడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపు నడుపుకుంటున్నాడు. పాత జీపు ఒకటి కొని, దానికి బురదలో పట్టు దొరికే పెద్ద గళ్ళ టైర్లు వేయించి, ముందు ఇనుపతాడు చుట్టే వించ్ బిగించి, పైకప్పు మీద వరుసగా ఆరు దీపాలు అమర్చుకున్నాడు. మా కిష్టారెడ్డిపేట సందుల్లో ఆదివారం పొద్దున ఇటువంటి బండ్లు రెండు మూడు కనబడుతూనే ఉంటాయి. చాలామంది గుట్టలెక్కి దిగి సరదా తీర్చుకొని వస్తారు. మావాడి మనసు మాత్రం అడవిపంది మీద ఉంది.

చట్టం సంగతి చెప్పాను. "అది తెలుసు సార్, ఊరికే అడుగుతున్న" అన్నాడు. ఊరికే అడిగినవాడు ఆరు దీపాలెందుకు పెట్టించుకున్నాడో నాకు తెలియక కాదు. అయినా ప్రశ్న మంచిదే అనిపించింది. తెలుగు పండితుడికి ఈ బండ్ల గొడవ ఎందుకని చదువరులు నవ్వుకోవచ్చు. కానీ వేటకు ఏ వాహనం మేలన్న చర్చ మన వాఙ్మయంలో చాలా పాతది. దాని వెంట నడుస్తూ పోతే మన తెలంగాణ నేల కథ, ఆ నేలమీద ఒకప్పుడు తిరిగిన మృగాల కథ రెండూ కలిసి కనబడతాయి.

కాళిదాసు శాకుంతలం ఎక్కడ మొదలవుతుంది? పరుగెత్తే లేడి, వెనుక రథం, రథం మీద ధనుస్సు ఎక్కుపెట్టిన రాజు. లేడి ఎందుకు అంత దూరమైపోయిందని రాజు ఆశ్చర్యపడితే సారథి చెప్పే సమాధానం ఏ డ్రైవరైనా ఒప్పుకునేది. నేల ఎగుడుదిగుడుగా ఉంది కనుక పగ్గాలు బిగబట్టాను, వేగం తగ్గింది, ఇక సమతలం వచ్చింది కనుక అందుకోవచ్చు అంటాడు. బాట లేని చోట బండి తోలడంలోని మొదటి సూత్రం అదే. నేలను బట్టి వేగం. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ఘట్టాన్ని అలంకారాల కోసం కాక సారథి కోసం చెప్పేవాణ్ణి. వెనుక బెంచీ పిల్లలు కూడా వినేవాళ్ళు. ఆ తరువాత మునులు అడ్డుపడి, ఇది ఆశ్రమ మృగం, చంపరాదంటారు. రాజు బాణం దించుతాడు. తపోవనవాసులకు ఇబ్బంది కలుగరాదని రథాన్ని కొంత దూరంలోనే ఆపిస్తాడు. తాను తిరిగి వచ్చేలోగా గుర్రాల వీపులు తడపమని కూడా చెబుతాడు. వేడెక్కిన బండిని చల్లార్చడమన్నమాట.

తెలుగు ప్రబంధాలకు వచ్చేసరికి రథం మాయమైంది. వేటకుక్కలు, వలలు, ఉరులు, బోయలు, గుర్రం వచ్చాయి. మనుచరిత్రలో స్వరోచి వేట చదివినవారికి ఇది తెలుసు. రాళ్ళూ తుప్పలూ నిండిన దక్కను అడవుల్లో రథం పనికిరాదని మన కవులకు పుస్తకాల వల్ల కాక కళ్ళారా తెలుసునని నా ఊహ.

ఇక చరిత్రకు వస్తాను. నిజాముల కాలంలో షికారు అనగానే అందరికీ ఏనుగు, అంబారీ గుర్తుకొస్తాయి. అవి ఛాయాచిత్రాల్లో బాగుంటాయి. నిజానికి తెలంగాణ అడవుల్లో పెద్దపులి వేట ఎక్కువగా మంచె మీదనుంచే సాగేది. దున్నపోతును ఎరగా కట్టడం, పులి దాన్ని చంపి దగ్గరలో పడుకుందని తెలిశాక వందలమంది పల్లెజనం డప్పులతో, అరుపులతో దాన్ని మంచెవైపు తోలడం. దొర చేసే పని ఒక్క తుపాకి పేల్చడమే. అటువంటి వేటలో వాహనం పని అడవి అంచుదాకా చేర్చడంతో సరి. ఆ పనికి 19వ శతాబ్ది చివర దొరికిన గొప్ప వాహనం ఏనుగూ కాదు, గుర్రమూ కాదు. రైలు.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం 1874లో వచ్చింది. అది మా లింగంపల్లి మీదుగానే పోతుంది. తరువాత వరంగల్లు దాటి 1889కి బెజవాడ చేరింది. ఆ దారిలో ఉన్న నెక్కొండ షికారుకు ప్రసిద్ధి పొందింది. వైస్రాయి కర్జన్ ప్రభువు, ఆయన సతి, వారి ముందు నేలకొరిగిన పులి ఉన్న 1902 నాటి చిత్రం చాలామంది చూసే ఉంటారు. అది నెక్కొండ వేటదే, తీసినది ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సంస్థ. అంతకు ముందు 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా నిజాం అతిథిగా వచ్చి ఇక్కడ వేటాడాడు. 1914లో సారాయేవోలో ఆయన హత్య మొదటి ప్రపంచయుద్ధానికి నిప్పు రాజేసింది. ఆయన ప్రాణం తీసినప్పుడు కూడా ఆయన కూర్చున్నది మోటారుకారులోనే, అదీ దారి తప్పి ఆగిన కారులో.

హైదరాబాదు కంటింజెంటు సైన్యంలో నైటింగేల్ అనే కర్నలు ఒక్కడే ఈ రాజ్యంలో 300కు పైగా పులులను చంపాడని రాసి ఉంది. ఆ లెక్కంతా మోటారు రాకముందుదే. అంచేత జీపు వచ్చాకే సర్వనాశనం మొదలైందని నేను అనను. పులికి కీడు ముందే మొదలైంది. జీపు దెబ్బ తిన్నవి వేరే జంతువులు, వేరే నేల. దానికి వచ్చేముందు ఎడ్లబండి గురించి చెప్పాలి, ఎందుకంటే మావాడి ప్రశ్నకు పాత షికారీల సమాధానం అదే.

మెదకు, పాలమూరు, రాయచూరు వైపు మైదానాల్లో, కొన్ని చోట్ల నల్లరేగడి, కొన్ని చోట్ల ఎర్ర చెల్క, వాటిమీద కృష్ణజింకల మందలు తిరిగేవి. జింక చూపు వాడి. మనిషి నడిచివస్తే ఫర్లాంగు దూరంలోనే లేస్తుంది. గుర్రం వస్తే అనుమానిస్తుంది. ఎడ్లబండి వస్తే తల ఎత్తి చూసి మళ్ళీ మేస్తుంది. పుట్టినప్పటినుంచి రోజూ చూస్తున్న బండి కదా, దానివల్ల ఎన్నడూ కీడు లేదు. కందెన ఆరిపోయిన ఇరుసు కిర్రుమంటున్నా సరే, ఆ చప్పుడు దానికి అలవాటే. షికారీ చేసే పని ఏమంటే, బండిని సూటిగా మంద మీదికి తోలించకుండా, ఎటో పోతున్నట్టు పక్కవాటుగా, గుండ్రంగా తిప్పిస్తూ దగ్గరికి రావడం. తగినంత చేరువయ్యాక బండిని ఆపకూడదు. ఆగిన బండిని జింక నమ్మదు. బండి నడుస్తుండగానే మందకు కనబడని వైపు నుంచి జారి దిగి నేలకు అంటుకుపోవాలి. జింక చూపు సాగిపోయే బండి వెంట పోతుంది. ఆ తరువాత తుపాకి.

ఈ బండి మీదనే ఇంకొక వేట జరిగేది. కళ్ళకు గంతలు కట్టిన చీతాను తేలికపాటి బండి మీద కూర్చోబెట్టి, ఇలాగే చుట్టూ తిప్పి, మందకు నూరు గజాల దగ్గర గంతలు విప్పి వదిలేవారు. ఆ తరువాతి కథ కొన్ని క్షణాలదే. పట్టితే జింక రక్తం కొంత కర్రగరిటెలో దానికి తాగించి, మళ్ళీ గంతలు కట్టి బండి ఎక్కించేవారు. ఇక్కడ ఒక పదం గురించి చెప్పకుండా ఉండలేను. జెర్డన్ 1867లో ప్రకటించిన క్షీరదాల గ్రంథంలో ఈ జంతువుకు తెలుగు పేరు చీతాపులి అనీ, కన్నడ పేరు సివంగి అనీ రాశాడు. మనవాళ్ళ నోట సివంగి అంటే ఇప్పుడు కోపిష్ఠి స్త్రీ, లేకపోతే ఆడసింహం. జంతువు పోయాక పేరు ఇలా ఊరిమీద పడి తిరుగుతుంది.

బండి యోగ్యత ఇంకా ఉంది. మనిషి రొమ్ము ఎత్తున ఉండే చక్రం రాయినీ గట్టునూ అవలీలగా దాటుతుంది. ఇరుసు నేలకు చాలా ఎత్తులో ఉంటుంది కనుక అడుగున తగిలేదేమీ లేదు. విరిగితే బాగుచేసే వడ్రంగి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఇంధనం దారిపొడుగునా మొలుస్తుంది. రేగడి తడిసినప్పుడు మాత్రం ఇనుపకమ్మీ కోసుకొని దిగిపోతుంది, అప్పుడు ఎడ్లు కూడా మోకాళ్ళ మీద పడతాయి. 1931-32లో సాలిం అలీ నిజాం ప్రభుత్వ సహాయంతో రాజ్యంలోని పక్షులన్నిటినీ పరిశీలించడానికి తిరిగినప్పుడు ఆయన డేరాలూ సామానూ మోసినవి ఎడ్లబండ్లే. మన్ననూరు, ఫరహాబాదు వంటి నల్లమల చోట్లు ఆ పర్యటనలో ఉన్నాయి.

అయితే ఆ బండి ఎవరిది? ఎడ్లు ఎవరివి? షికారు పుస్తకాలు రాసిన దొరలు దీనికి ఒక్క వాక్యమైనా ఖర్చు పెట్టలేదు. బండ్లు దొరికాయి అని రాస్తారు, ఆకాశం నుంచి దొరికినట్టు. తెలంగాణలో అధికారి ఊరికి వచ్చాడంటే బండ్లు పెట్టవలసింది రైతులు, సామాను మోయవలసింది, కట్టెలు కొట్టవలసింది, నీళ్ళు తేవలసింది, డేరా వేయవలసింది వెట్టివాళ్ళు. మాడపాటి హనుమంతరావుగారి 'తెలంగాణా ఆంధ్రోద్యమము' చదివితే 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘం ఈ వెట్టి మీద ఎంత పోరాడవలసి వచ్చిందో తెలుస్తుంది. దుక్కికి అదనుదాటే రోజున ఎడ్లను షికారు బండికి కట్టిన రైతు నష్టం ఎంతో లెక్కకట్టిన వాళ్ళు లేరు. పులిని తోలే జనం గుంపులో గాయపడినవాడు ఎవడో పేరు చెప్పినవాళ్ళూ అరుదే. కనుక వేటబండిని మెచ్చుకునేటప్పుడు నాకు నొగ పట్టుకున్న మనిషి ముందు కనబడతాడు.

మోటారు వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గొప్ప వేటగాడు, గురి తప్పనివాడని పేరు. ఆయన చేయించిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ప్రసిద్ధమైంది, అయితే అది వేటకు కాదు, సింహాసనం వంటి ఆసనం బిగించిన ఊరేగింపు బండి. అది చేతికి అందకముందే 1911లో ఆయన కాలం చేశాడు. ఆ బండి తన జీవితమంతా కలిపి 356 మైళ్ళు మాత్రమే తిరిగిందంటారు. అసలైన వేటకారు చూడాలంటే రాజస్థాన్‌లోని కోటాకు పోవాలి. మహారావు ఉమేద్‌సింగ్ 1925లో చేయించుకున్న రోల్స్‌రాయిస్‌కు పెద్ద వెలుగుదీపాలు, తుపాకులు పెట్టుకునే అరలు, చివరకు వెనుక తగిలించిన తోపుడుబండి మీద మరతుపాకి కూడా ఉండేవి. పులి మీద యుద్ధం ప్రకటించిన బండి అది. మావాడి ఆరు దీపాల వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. మెత్తగా, నిదానంగా పోవడానికి దాని గేర్లు కూడా తగ్గించి చేయించారు. ఇంత ఖర్చు పెట్టి సాధించిన నిదానం ఎడ్లబండికి పుట్టుకతో వచ్చింది.

ఇటువంటి బండ్లు రాజులకు పరిమితం కనుక అవి చేసిన నష్టం కూడా కొంత పరిమితమే. 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు కథ వేరు. నాలుగు సిలిండర్ల 60 గుర్రాల ఇంజను, ముందు వెనుక చక్రాల మధ్య 80 అంగుళాలే దూరం, బరువు సుమారు 1,100 కిలోలు. రెండో గేరుకర్ర లాగితే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది, ఇంకొకటి లాగితే వేగం సగమై లాగుడు రెట్టింపవుతుంది. ముందరి అద్దాన్ని మడిచి బానెట్ మీద పడుకోబెట్టవచ్చు. శత్రువు మీద కాల్చడానికి చేసిన ఆ వసతి జింక మీద కాల్చడానికి అంతకన్నా బాగా పనికొచ్చింది. యుద్ధం ముగిశాక మిగులు జీపులు వేలంలో చవకగా దొరికాయి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో పుట్టిన సంస్థ 1940ల చివర ఇక్కడే విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టింది. ఆ మహమ్మద్, అంటే గులాం మహమ్మద్, కొంతకాలం మన నిజాం దగ్గర ఆర్థికమంత్రిగా పనిచేసినవాడు, తరువాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆయన పోయాక 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. నేడు వారి ట్రాక్టర్ల కర్మాగారం ఒకటి మా సంగారెడ్డి జిల్లా జహీరాబాదులోనే ఉంది.

తెలంగాణ పల్లె జీపును మొదట చూసింది 1948 సెప్టెంబరు పోలీసు చర్య రోజుల్లో, సైన్యం వెంట. ఆ తరువాత కొన్నేళ్ళు జీపు చప్పుడంటే పల్లెజనానికి భయం. పిదప అది తహసీలుదారుది, ఇంజనీరుది, కంట్రాక్టరుది అయింది. చేతిలో జీపు, తుపాకి లైసెన్సు, రాత్రి క్యాంపు ఉన్నవాడికి షికారు అనేది వారాల తరబడి ఏర్పాటు కాకుండా భోజనం తరువాత షికారై పోయింది.

దీపం ఎందుకంత ఘాతుకమో చెప్పాలి. రాత్రి తిరిగే జంతువుల కంటిపొర వెనుక అద్దం వంటి పొర ఒకటి ఉంటుంది. అది లోపలికి వచ్చిన వెలుగును తిప్పికొట్టి చీకట్లో చూపు పెంచుతుంది. అందుకే వెలుగు పడగానే కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. జంతువు ఆ వెలుగు వెనుక ఏముందో తెలియక నిలబడిపోతుంది. ఎడ్లబండి వేటలో గురి, ఓపిక, గాలివాటు, నేల తెలిసిన మనిషి కావాలి, ఎన్నో రోజులు ఉత్తచేతులతో తిరిగిరావాలి. జీపూ దీపమూ చేరాక రెండు కళ్ళ మధ్య గురిపెట్టడం వస్తే చాలు. మేలైన బండి ఏదన్న ప్రశ్నకు నిక్కమైన సమాధానం జీపే. అంత మేలైనది కావడం వల్లనే వేటాడడానికి మృగం లేకుండా పోయింది.

మధ్య భారతంలోని కొరియా సంస్థాన మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రిపూట వాహనంలో పోతూ దీపపు వెలుగులో మూడు చీతాలను కాల్చిన సంగతి ఇందుకు సాక్ష్యం. మూడూ మగవి. 1948లో ఆ వార్త బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చినప్పుడు సంపాదకులు దాన్ని గట్టిగా నిందించారు. దేశంలో చీతాను చంపినట్టు నమోదైన చివరి సందర్భాల్లో అది ఒకటి. 1952లో అదే పత్రిక అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో ఒక చీతా కనబడిన సంగతి నమోదు చేసింది. మన తెలుగునేల మీద చీతా గురించి తెలిసిన దాదాపు ఆఖరి కబురు అది. అదే 1952లో చీతా దేశంలో అంతరించిందని ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న మళ్ళీ వచ్చింది నమీబియా నుంచి, విమానంలో.

ఈ చీతాల సంగతి చెబుతుండగా మావాడు ఒక్కసారి "మూడూ ఒక్కరాత్రేనా సార్?" అని అడిగాడు. ఒక్క రాత్రే అన్నాను. ఆ తరువాత బండి గురించి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బట్టమేక పిట్ట గతి కూడా ఇటువంటిదే. మీటరు ఎత్తుండే బరువైన పక్షి, గడ్డిబీళ్ళలో నేలమీదే గుడ్డు పెడుతుంది. మనిషిని చాలా దూరం నుంచే పసికట్టి పోతుంది కాని బండిని అంతగా పట్టించుకోదు. కనుక దాన్ని కొట్టాలంటే ఒకప్పుడు ఎడ్లబండి, తరువాత జీపు. జీపుతో పాటు గడ్డిబీళ్ళు పొలాలు కావడం, కరెంటు తీగెలు రావడం, అన్నీ కలిశాయి. కర్నూలు వైపు రోళ్ళపాడులో దానికోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు దేశం మొత్తం మీద రెండువందలకు లోపే మిగిలాయని లెక్క, అవీ ఎక్కువగా రాజస్థాన్ ఎడారిలో. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగం. 2014లో విడిపోయాక తెలంగాణ చుక్కల జింకను తీసుకుంది. మైదానపు జింకను వదిలి అడవి జింకను ఎందుకు ఎంచుకున్నారో గాని, నా మట్టుకు అది కొంచెం లోటుగానే తోస్తుంది.

నిజాం షికారు తావులు ఒక్కొక్కటే అభయారణ్యాలయ్యాయి. మా పాత మెదకు జిల్లాలోని పోచారం, వరంగల్లు వైపు పాకాల 1952లోనే అయ్యాయి. చివరకు 1972 సెప్టెంబరులో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం చేయమని పార్లమెంటును కోరుతూ ముందుగా తీర్మానాలు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ చట్టం మొదటి రూపంలో లైసెన్సు మీద వేటకు కొంత వీలుండేది. కాని 17వ సెక్షను వేటాడే పద్ధతులకు కళ్ళెం వేసింది. చక్రాలున్న బండి మీద నుంచి గాని, యంత్రంతో నడిచే బండి మీద నుంచి గాని, విమానం మీద నుంచి గాని వేటాడరాదు. బండితో జంతువులను తరమరాదు. కృత్రిమ దీపాలతో వేటాడరాదు. నీళ్ళు తాగే చోట కాచి కూర్చోరాదు. ఆ చివరిది చదివినప్పుడు నాకు సరయూతీరాన చీకట్లో నీటి చప్పుడు విని బాణం వేసిన దశరథుడు గుర్తుకొచ్చాడు. 1991 సవరణ లైసెన్సు వేటనే ఎత్తివేసింది, దానితో 17వ సెక్షను కూడా అక్కరలేక పోయింది. వేటాడడమే లేనప్పుడు ఏ బండి మీద అన్న మాట ఎందుకు? ఇప్పుడు మనుషుల ప్రాణాలకు, పంటలకు ముప్పు కలిగించే జంతువుల విషయంలో అటవీ అధికారులు రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి ఒక్కటే మిగిలింది, అది షికారు కాదు.

బాటలేని నేలమీద తిరగగల బండి కావాలంటే మా ప్రాంతానికి లోటు లేదు. పేరులోనే ఎద్దున్న ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారంలో 'శరత్' అనే గొలుసుపట్టాల యుద్ధశకటం తయారవుతుంది, అది బురదలోనే కాదు, నీళ్ళలో కూడా ఈదుతుంది. దానిముందు జీపు ఎంత?

అదే 1972 చట్టంలో వాహనం అనే మాటకు ఇచ్చిన నిర్వచనం మాత్రం ఏ తెలుగు పండితుడైనా ముచ్చటపడి చదవవలసినది. నేలమీద, నీటిమీద, గాలిలో కదలడానికి వాడే ప్రతిదీ వాహనమే అని చెప్పి, ఊరుకోకుండా, అందులో దున్న, ఆబోతు, ఎద్దు, ఒంటె, గాడిద, ఏనుగు, గుర్రం, కంచరగాడిద చేరతాయని వరుసపెట్టి రాశారు. అష్టదిక్పాలకుల వాహనాల పట్టిక చదువుతున్నట్టు ఉంటుంది. 39వ సెక్షను ప్రకారం నేరానికి వాడి పట్టుబడిన వాహనం ప్రభుత్వపరమవుతుంది. జీపైతే జీపు, ఎడ్లబండైతే బండితోపాటు ఎడ్లు. దుష్యంతుడు ఆ రోజు బాణం దించకపోయి ఉంటే, ఈ లెక్కన రథమూ, వీపులు తడిపించిన ఆ గుర్రాలూ అటవీశాఖ వారి పంచనామాలోకి ఎక్కవలసినవే.